చిన్న కారునకు పెద్ద చక్రములు

(పాఠశాల విజ్ఞాన సంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



విజ్ఞాన సంఘమున ప్రసంగింపుమని మమ్ము కోరినప్పుడు, గ్రహములను గూర్చియో అణుశక్తిని గూర్చియో మేము చెప్పుదుమని మీరు తలచియుందురు. మేము అంత దూరము పోదలచుకొనలేదు. మన వీధిలో మన కన్నుల యెదుట తిరుగుచున్న విషయమునే ఎన్నుకొంటిమి. చిన్న కారునకు పెద్ద చక్రములు తొడిగించి, దాని బాడీని నేలవైపునకు దింపించుట మేలా, కాదా అనునదియే నేటి విచారణ.

ఇట్టి విషయము పాఠశాలకు తగునా అని కొందరు సందేహింపవచ్చును. మనము హొసూరు ప్రాంతపు వారము. అశోక్ లేలాండు, టి.వి.యస్. మోటారు వంటి కర్మాగారములు మన ఊరి పొలిమేరలోనే కలవు. మన బడిలో తెలుగున చదువుకొన్న బాలురు పలువురు నేడు ఐ.టి.ఐ.లలోను, కర్మాగారములలోను, మెకానిక్ షెడ్లలోను పనిచేయుచున్నారు. సెలవు దినములలో మమ్ము చూడవచ్చినప్పుడు వారిలో కొందరు, "సార్, నా కారునకు పదునేడంగుళముల అల్లాయి చక్రములు వేయింపవచ్చునా? స్ప్రింగులు కోయించి కొంచెము దింపింపవచ్చునా?" అని అడుగుచుందురు. అడిగినవానికి కోరిక మంచిది కాదని చెప్పి పంపుట సులభము. అది గురువు చేయదగిన పని కాదు. కారణము చెప్పవలెను, లెక్క చూపవలెను. లెక్క చూచినవాడు తన నిర్ణయమును తానే చేసికొనును.

మొదట ఈ కోరికకు మూలమేదో విచారింతము. పెద్ద చక్రములతో, నేలనంటుకొనియున్న కారు చూపులకు బలిష్ఠముగా కనబడును. పందెపు కార్లు పెక్కు అట్లే ఉండును. మన రాష్ట్రముననే ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరు సమీపమున కారి స్పీడువేలోను అట్టి పందెములు జరుగుచుండును. వాటిని చూచిన యువకునకు తన కారు కూడ అట్లుండవలెనని తోచుట సహజము. అందము కోరుట నేరము కాదు. అయితే పందెపు కారు అట్లుండుటకు కారణమేమి, ఆ కారణము మన కారునకు వర్తించునా అనునవి తెలిసికొనకయే అనుకరించినచో, పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లగును.

ఇక చక్రముల మాట. టైరు ప్రక్కగోడపైనున్న అంకెలను మీలో ఎందరు చదివితిరి? ఉదాహరణకు మారుతి సుజుకి స్విఫ్ట్ కారును తీసికొందము. 2018లో వచ్చిన మాదిరిలో తక్కువ వెలగల రకమునకు 165/80 ఆర్ 14 అను టైరును, ఎక్కువ వెలగల రకమునకు 185/65 ఆర్ 15 అను టైరును కంపెనీ వారే అమర్చిరి. ఇందు మొదటి అంకె టైరు వెడల్పు. అది మిల్లీమీటర్లలో ఉండును. రెండవ అంకె, ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికెన్నవ వంతో చెప్పును. చివరి అంకె రిమ్ము వ్యాసము. అది అంగుళములలో ఉండును. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఎనిమిదవ తరగతి వారు కూడ లెక్క కట్టగలరు. 165లో నూటికి 80 వంతులనగా 132. ఇది ఒక ప్రక్కగోడ ఎత్తు. పైన ఒకటి, క్రింద ఒకటి కావున 264. పదునాలుగు అంగుళములు 355.6. రెండును కలుపగా చక్రము మొత్తపు వ్యాసము 619.6 మిల్లీమీటర్లు. పదునైదంగుళముల రకమునకు ఇట్లే లెక్క కట్టినచో 621.5 వచ్చును. రిమ్ము ఒక అంగుళము పెరిగినను చక్రము మొత్తముమీద రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెరిగినది. ఇది యాదృచ్ఛికము కాదు. ఇంజనీర్లు కావలెననియే అట్లు చేసిరి.

ఇందు ఒక ముఖ్యవిషయమున్నది. జనులు "పెద్ద చక్రము" అనునది తరచుగా పెద్ద రిమ్మునే. బయటి వ్యాసము మారదు; లోపలి ఇనుము పెరిగి, దాని చుట్టునున్న గాలిమెత్త తరుగును. పదునేడంగుళముల రిమ్మునకు సరిపడు 205/45 టైరు ప్రక్కగోడ 92 మిల్లీమీటర్లు మాత్రమే. పదునాలుగు అంగుళముల రిమ్మున్నప్పుడు 132 ఉండెడిది. అనగా నాలుగు సెంటీమీటర్ల మెత్త పోయినది. బెల్‌ఫాస్ట్ నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి టైరు కట్టినది ఈ మెత్తకొరకే. ఆయన ఇచ్చిన మెత్తను మనము డబ్బు పోసి తగ్గించుకొనుచున్నామని గుర్తింపవలెను.

"మా తాతల ఎడ్లబండికి నిలువెత్తు చక్రములుండెడివి గదా, పెద్ద చక్రము గుంతలను సులభముగా దాటును గదా" అని మీరడుగవచ్చును. నిజమే. చక్రము మొత్తపు వ్యాసము పెద్దదైనచో గుంతలోనికి తక్కువగా దిగును. కాని రిమ్ము మాత్రమే పెరిగి వెలుపలి కొలత అట్లే ఉన్నప్పుడు ఆ లాభము రాదు సరిగదా, గుంత అంచు రిమ్మునకు మరింత దగ్గరగును. డెంకణికోట దారిలోనో, తళి దారిలోనో, వాన నీటితో నిండిన గుంతలో పలుచని ప్రక్కగోడగల చక్రము పడినప్పుడు, టైరు నలిగి రిమ్ము అంచు వంగును. లేదా ప్రక్కగోడ లోపలి దారములు తెగి బుడగవలె ఉబ్బును. అట్లు ఉబ్బిన టైరు ఎప్పుడు పగులునో చెప్పలేము. దానిని వెంటనే మార్చవలసినదే.

మరి లాభము లేదా? కలదు. పొట్టి ప్రక్కగోడ ప్రక్కలకు తక్కువగా ఊగును. కావున స్టీరింగు త్రిప్పిన వెంటనే కారు తిరుగును. వెడల్పైన టైరు పొడి రోడ్డును చక్కగా పట్టుకొనును. పందెపు బాట నున్నగా ఉండును గనుక అక్కడ ఇది గొప్ప మేలు. అయినను చిన్న చక్రము చేతకానిదని అనుకొనరాదు. 1959లో ఇంగ్లండున అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారునకు పదంగుళముల రిమ్ములే ఉండెను. ఆ కారే 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీని గెలిచెను. చక్రము పరిమాణము కన్న, కారు తూకములో దాని పొందికయే గెలుపునకు కారణమని ఇందువలన తెలియుచున్నది.

కొందరు బయటి వ్యాసమును కూడ లెక్కింపక, కొట్టువాడు చూపిన టైరును తొడిగింతురు. పైన చెప్పిన 185/65 ఆర్ 15 స్థానమున 195/65 ఆర్ 16 వేసిరనుకొందము. దాని వ్యాసము 659.9. అనగా నూటికి ఆరు వంతులకు పైగా పెరిగినది. పాత చక్రము కిలోమీటరునకు 512 చుట్లు తిరిగిన, క్రొత్తది 482 చుట్లే తిరుగును. స్పీడోమీటరు చుట్లనే లెక్కించును గాని రోడ్డును చూడదు. పాత చక్రముతో అది సరిగా చూపుచుండెననుకొన్నచో, ఇప్పుడు ముల్లు 80 చూపునప్పుడు కారు నిజముగా 85 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. పదివేల కిలోమీటర్లు నడచిన కారు లెక్కలో సుమారు 9,420 మాత్రమే ఉండును. నూనె మార్చు కాలమును ఆ లెక్కను బట్టియే చూచుకొనువాడు ఆలస్యము చేయును. ఇంతకన్న ముఖ్యమైనది బ్రేకు. చక్రపు వ్యాసార్ధము పెరిగినచో, పాదము అదే బలముతో నొక్కినను రోడ్డుపై పనిచేయు నిరోధము ఆ నిష్పత్తిలో తగ్గును. ఇంజను లాగుడు కూడ అట్లే తగ్గును. మీటసూత్రమును చదివినవారికి ఇందు ఆశ్చర్యమేమియు లేదు.

కొలత సరిపోయినను బరువు చూడవలెను. అల్లాయి అనగానే తేలికయని పలువురి నమ్మకము. చవుకరకపు పెద్ద అల్లాయి రిమ్ము చిన్న ఇనుప రిమ్ముకంటె బరువుగా ఉండుట కలదు. పైగా ఆ బరువు ఇరుసునకు దూరముగా అంచుననుండును. దూరము పెరిగినకొలది త్రిప్పుటకును, ఆపుటకును కావలసిన శ్రమ ఆ దూరపు వర్గము ననుసరించి పెరుగును. చక్రము, టైరు, బ్రేకులు స్ప్రింగు క్రిందనుండు బరువులు. ఇవి పెరిగినచో గతుకుపై చక్రము ఎగిరిన పిమ్మట తిరిగి రోడ్డు నంటుకొనుటకు ఎక్కువసేపు పట్టును. గాలిలోనున్న చక్రమునకు బ్రేకుగాని స్టీరింగుగాని పనిచేయదు. రిమ్ము మరల రంధ్రముల వలయము, నడుమ రంధ్రము, హబ్బునుండి రిమ్ము వెలుపలికి జరుగు దూరము అను మూడు కొలతలును సరిపోవలెను. రిమ్ము వెలుపలికి జరిగినచో బేరింగుపై భారము పెరుగును. స్టీరింగు త్రిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు అంచును ఒరయును.

ఇక రెండవ పని, కారును దించుట. దీనికొరకు పొట్టి స్ప్రింగులు వేయుదురు. డబ్బు లేనివారు ఉన్న స్ప్రింగులనే కోయింతురు. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రము మీ పాఠ్యపుస్తకముననే కలదు. బలమునకు తగినంత సాగుట, బలమునకు తగినంత అణగుట స్ప్రింగు స్వభావము. స్ప్రింగులో చుట్లు తగ్గినకొలది అది బిరుసగును. ఆరు చుట్లలో ఒకటి కోసినచో బిరుసు అయిదవ వంతు పెరుగును. కోసినవాడు ఎత్తు తగ్గించితినని మాత్రమే అనుకొనును. బిరుసు కూడ పెంచితినని ఎరుగడు. కంపెనీ స్ప్రింగు కొన, పీటపై సరిగా కూర్చుండునట్లు చేయబడియుండును. కోసిన కొన అట్లు కూర్చుండదు. చక్రము గుంతలో వ్రేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పీటనుండి జరుగవచ్చును. గ్యాసు మంటతో కోసినచో ఉక్కుకున్న పదునుపాటు కూడ చెడును.

చక్రము పైకి కదలుటకు స్ప్రింగు లోపల కొంత దారి ఉండును. ఆ దారి ఏడు సెంటీమీటర్లనుకొందము. కారును నాలుగు సెంటీమీటర్లు దించినచో మూడే మిగులును. గతుకు మాత్రము దిగిరాదు! మిగిలిన మూడు సెంటీమీటర్లును అయిపోగానే రబ్బరు దిమ్మ బాడీని గుద్దును. ఆ గుద్దు కూర్చున్నవారి వెన్నెముకకు చేరును. చిన్న కార్లలో పలువాటికి ముందుభాగమున మెక్‌ఫర్సన్ అను అమెరికను ఇంజనీరు పేర పిలువబడు అమరికయుండును. అందు బాడీ దిగినప్పుడు సాధారణముగా చక్రముల పైభాగము లోనికి వంగును. వాటి ముఖము కూడ మారును. అలైన్‌మెంటు మరల చేయింపనిచో టైరు లోపలి అంచు త్వరగా అరుగును. బయటనుండి చూచినవానికి టైరు క్రొత్తదివలెనే ఉండును. పైన పటారము, లోన లొటారము అన్నట్లు!

పందెపు కారును ఏల దింతురు? భారకేంద్రము దిగినకొలది మలుపులలో ఒక ప్రక్క చక్రములనుండి రెండవ ప్రక్కకు మారు భారము తగ్గును. భారకేంద్రము 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొనిన, నాలుగు సెంటీమీటర్లు దించుటవలన ఆ మార్పు నూటికి ఏడు వంతులు తగ్గును. సెకనులో పదవ వంతునకు పోటీపడువారికి అది బంగారము. పాలప్యాకెట్లకును, బడికిని పోవు మనకు దానితో పనియేమి?

ఇప్పుడు స్పీడు బ్రేకరు లెక్క చేయుదము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణము ప్రకారము అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తఖండము. స్విఫ్ట్ కారు ముందు వెనుక చక్రముల దూరము 2.45 మీటర్లు. కావున రెండు జతల చక్రములును ఒకే పర్యాయము ఆ గుట్టపై ఉండగలవు. అప్పుడు చక్రముల నడుమ గుట్ట పైకి పొడుచుకొనివచ్చునది నాలుగున్నర సెంటీమీటర్లకంటె తక్కువ. వృత్తఖండపు సూత్రముతో మీరే సరిచూచుకొనుడు. ఆ కారునకు నేలతో ఎడము 163 మిల్లీమీటర్లు. నాలుగు సెంటీమీటర్లు దించినను 123 మిగులును. ప్రమాణము ప్రకారము కట్టిన గుట్టను దించిన కారు కూడ దాటును.

కాని మన వీధులలోని గుట్టలు ప్రమాణము ప్రకారము కట్టినవియేనా? ప్రమాదమొకటి జరిగిన మరునాడు ఊరివారే సిమెంటుతో కట్టిన సన్నని గట్లు ఎన్నియో కలవు. అట్టి గట్టు రెండు జతల చక్రముల నడుమకు వచ్చినప్పుడు దాని ఎత్తంతయు కారు కడుపునకు తగులును. అయిదుగురు కూర్చుండుటవలన కారు మూడు సెంటీమీటర్లు అణగినదనుకొందము. అణగిన పిమ్మట కంపెనీ కారునకు 133, దించిన కారునకు 93 మిల్లీమీటర్లు ఎడముండును. పది సెంటీమీటర్ల గట్టును మొదటిది దాటును, రెండవది గీరుకొనును. కడుపున ఇంజను నూనె తొట్టి ఉన్నదని మరువకుడు.

మా పూర్వవిద్యార్థి యొకడు ఇట్లే చేసెను. కర్మాగారమున ఉద్యోగము దొరకిన రెండవ సంవత్సరమున పాత చిన్న కారు కొని, కూడబెట్టిన సొమ్ముతో పదునేడంగుళముల చక్రములు తొడిగించి, స్ప్రింగులు మార్పించెను. స్నేహితులు మెచ్చిరి. రెండు నెలలు గడచునప్పటికి వాని తండ్రి నడుము నొప్పిచే ఆ కారెక్కుట మానివేసిరి. కొడుకు కారు కొనెనని ఊరంతట చెప్పుకొని మురిసిన ఆ పెద్దమనిషి మరల బస్సునకే నిలువజొచ్చిరి. రిమ్ము ఒకటి వంగెను. ముందు టైర్లు లోపలివైపు దారములు తేలెను. పిమ్మట ఆ అబ్బాయి మావద్దకు వచ్చి, కాగితముపై లెక్కలన్నియు మాతో కూడ వేసి, దాచియుంచిన కంపెనీ స్ప్రింగులను మరల వేయించెను. చక్రములను ఆ మాదిరి హెచ్చురకమునకు కంపెనీ వారిచ్చిన కొలతకు మార్చెను. ఇప్పుడు తండ్రి ముందు సీటులో కూర్చుండి కెలమంగలము సంతకు పోవుచున్నారు. కారు అందము తగ్గినదని ఇంతవరకు ఎవరును అనలేదు.

చట్టమును గూర్చి కూడ రెండు మాటలు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరి 9వ తేదీన సుప్రీము కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించెను. అదే సంవత్సరపు సవరణలోని 182-ఎ విభాగము, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదుగాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. ప్రమాదము జరిగినప్పుడు భీమా కంపెనీవారు కూడ తమకు తెలుపని మార్పును ఎత్తిచూపి సొమ్ము నిరాకరింప జూతురు. కావున ఏ మార్పునకైనను ముందు కారు పుస్తకమును చదువవలెను. ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారింపవలెను. భీమా వారికి తెలుపవలెను.

ఇక మా సలహా. కారు నడక బాగుండవలెనని కోరువాడు మొదట చౌకపని చేయవలెను. టైర్లలో గాలి సరిగా ఉంచి, అలైన్‌మెంటు చేయించి, అరిగిన షాక్ అబ్జార్బర్లను మార్పించినచో, పలుమారు కారు క్రొత్తదివలె నడచును. అప్పటికిని కోరిక తీరనిచో, తన మాదిరికే కంపెనీ అనుమతించిన పెద్ద కొలతను ఎన్నుకొనవలెను. టైరుపైనున్న భారసంఖ్య తగ్గకుండ చూడవలెను. ఉదాహరణకు 88 అను సంఖ్య, టైరు 560 కిలోగ్రాములు మోయునని చెప్పును. స్ప్రింగులు కోయుట మాత్రము ఎన్నడును చేయరాదు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

కారు అనునది ఒక ఉమ్మడి కుటుంబము. చక్రము, స్ప్రింగు, బ్రేకు, స్టీరింగు ఒకదానికొకటి సర్దుకొని కాపురము చేయుచున్నవి. ఒకరికి పెద్దపీట వేసినచో మిగిలినవారు ఇబ్బందిపడుదురు. ఈ పొందికను తెలిసికొనువాడే నిజమైన మెకానిక్కు.

చివరకు ఒక మాట. తెలుగున చదివినవానికి షెడ్డులో పని రాదనియు, యంత్రముల మాట ఇంగ్లీషుననే తెలియుననియు మన తల్లిదండ్రులలో కొందరు భయపడుచున్నారు. ఆ భయముచేతనే మన తరగతులలో పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. నేడు మనము వ్యాసము, వ్యాసార్ధము, నిష్పత్తి, భారకేంద్రము అను మాటలతోనే కారును చక్రము మొదలు కడుపు వరకు పరీక్షించితిమి. టైరుపైని అంకెలకు భాషాభేదము లేదు. వాటి అర్థమును తల్లిభాషలో ఒకమారు గ్రహించినవాడు ఏ భాషలో అడిగినను జవాబు చెప్పగలడు. తమిళమును, ఇంగ్లీషును చక్కగా నేర్చుకొనుడు. అవి మనకు అన్నమును, చుట్టరికమును ఇచ్చు భాషలు. కాని లెక్కను మాత్రము, అర్థమైనదని మనస్సు సాక్ష్యము చెప్పు భాషలో చేయుడు.

రేపు ఇంటికి పోవునప్పుడు వీధిలో ఆగియున్న ఒక కారు టైరుపైని అంకెలను వ్రాసికొని, దాని వ్యాసమును కట్టి తెండు. సరిగా కట్టినవారి పేర్లు విజ్ఞాన సంఘపు పలకపై వ్రాయబడును.